రెండేళ్లు యూనివర్సిటీ హౌసింగ్‌లో ఉన్నాను, తాళం ఇచ్చేముందు మీతో నాలుగు మాటలు

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. వెనకాల అట్టపెట్టెలు కనిపిస్తున్నాయి కదా, రేపు పొద్దున 10 గంటలకి ఈ రూమ్ తాళం ఇచ్చేయాలి. మొన్న మా పిన్ని కొడుకు ఫోన్ చేసి, "అక్కా, అడ్మిషన్ వచ్చింది, యూనివర్సిటీ వాళ్ల రూమే తీసుకోమంటావా, బయట నలుగురితో కలిసి ఇల్లు చూసుకోమంటావా?" అని అడిగాడు. వాడికి గంటసేపు చెప్పిందే మీకూ చెబుతాను, ఎందుకంటే విదేశానికి చదువుకోవడానికి బయల్దేరే ప్రతి ఇంట్లోనూ ఇప్పుడు ఇదే చర్చ.

ముందు రూమ్ చూడండి. తలుపు దగ్గర్నుంచి కిటికీకి ఏడడుగులు. మంచం, బల్ల, కుర్చీ, గోడకి ఒక అల్మారా, అంతే. చిన్నదే, కానీ దిగిన రాత్రి రెండు సూట్‌కేసులు పక్కన పడేసి ఇలాంటి మంచం మీదే దుప్పటి పరుచుకుని పడుకున్నాను చూడండి, ఆ నిద్ర విలువ నాకు తెలుసు. అప్పటికి నాకు ఈ దేశంలో బ్యాంక్ ఖాతా లేదు, జీతం లేదు, నా తరఫున పూచీ ఉండే మనిషి లేడు. బయటి ఇళ్ల ఓనర్లు ముందుగా అడిగేవి అవే. యూనివర్సిటీ వాళ్లకైతే మామూలుగా అడ్మిషన్ లెటర్ చాలు. ఇంకో సంగతి, ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి, ఇల్లు ఉందో లేదో తెలియకుండానే అడ్వాన్స్ పంపేసి మోసపోయే పిల్లలు ఉన్నారు. ఆ టెన్షన్ ఇక్కడ లేదు. మొదటి ఏడాదికి ఇదే మేలు అని నేను గట్టిగా చెప్పేది అందుకే.

అగ్రిమెంట్ విషయంలో కూడా తేడా ఉంది. బయట నలుగురు కలిసి ఒకే కాగితం మీద సంతకం పెడితే చాలాచోట్ల మొత్తం అద్దెకి నలుగురూ బాధ్యులే. ఒకరు మధ్యలో వెళ్లిపోతే ఆ వాటా మిగిలిన ముగ్గురి నెత్తిన పడుతుంది. యూనివర్సిటీ హౌసింగ్‌లో సాధారణంగా ఎవరి కాంట్రాక్ట్ వాళ్లది, పక్క గది ఖాళీగా ఉన్నా మీ అద్దె మారదు.

అయితే అద్దె కన్నా ముందు తేదీలు చూడమని బతిమాలి చెబుతున్నాను. కొన్ని కాంట్రాక్టులు 9 నెలలకే ఉంటాయి, కొన్ని 12 నెలలకి. 9 నెలల దాంట్లో నెలకి తక్కువే అనిపించినా వేసవిలో ఎక్కడుంటారు అనేది మీరే చూసుకోవాలి, 12 నెలల దాంట్లో సెలవుల్లో ఇండియా వెళ్లినా అద్దె కట్టాల్సిందే. నా మొదటి ఏడాది శీతాకాలం సెలవుల్లో నేనున్న బిల్డింగ్ మూడు వారాలు మూసేశారు. సామాను గదిలో ఉంచుకోవచ్చు, మనుషులు ఉండకూడదు. అది కాంట్రాక్ట్‌లో రాసే ఉంది, నేను చదవలేదు. ఆ మూడు వారాలూ ఒక స్నేహితురాలి ఇంట్లో హాల్లో పడుకున్నాను, పాపం ఆ అమ్మాయి ఒక్కమాట అనలేదు, కానీ రోజూ పొద్దున ఆమె లేవకముందే పరుపు మడత పెట్టేసేదాన్ని. మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, మన బదులు ఇంకొకర్ని తీసుకొస్తే ఒప్పుకుంటారా, మెస్ ప్లాన్ తప్పనిసరా, ఇవన్నీ సంతకానికి ముందే మెయిల్ పెట్టి అడగండి.

ఖర్చు విషయానికొస్తే, యూనివర్సిటీ రూమ్ అంటే చవక అనుకుంటాం, ప్రతిచోటా అలా ఉండదు. కరెంటు, ఇంటర్నెట్, హీటింగ్, మంచం కొనే ఖర్చు, క్లాసుకి రానుపోను ఛార్జీలు, అన్నీ కలిపి పోల్చండి.

ఇక మనుషులు. నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే. 1950లో ఫెస్టింగర్, షాక్టర్, బ్యాక్ అనే ముగ్గురు పరిశోధకులు అమెరికాలో ఎంఐటీ అనే యూనివర్సిటీ విద్యార్థి కుటుంబాల హౌసింగ్‌లో ఎవరికి ఎవరు స్నేహితులయ్యారో లెక్క తీసి ప్రచురించారు. పక్క తలుపు వాళ్లని స్నేహితులుగా చెప్పినవాళ్లు 41 శాతం, రెండు తలుపుల అవతల ఉన్నవాళ్లని చెప్పినవాళ్లు 22 శాతం, అదే అంతస్తులో ఆ చివరా ఈ చివరా ఉన్నవాళ్ల మధ్య 10 శాతమే. నాలుగు తలుపుల దూరానికి అంత తేడా! నేను మొహమాటస్తురాలిని, నాకై నేను వెళ్లి ఎవరినీ పలకరించను. ఒకరోజు తెల్లవారుజామున 3 గంటలకి ఫైర్ అలారం మోగింది. ఎవరో కిచెన్‌లో పొయ్యి మీద ఏదో పెట్టి మర్చిపోయారు. అందరం చలిలో బయట నిలబడ్డాం. నేను చెప్పుల్లేకుండా దిగిపోయాను, పక్క గది అమ్మాయి తన ఊలు సాక్సులు విప్పి నా చేతిలో పెట్టింది, తను బూట్లు వేసుకుని ఉంది. అంతకుముందు రెండు నెలలు మేము లిఫ్ట్‌లో ఒకరినొకరం చూసి తల ఊపుకోవడమే.

అదే దగ్గరితనం ప్రాణం తీసే రోజులూ ఉంటాయి. గోడలు పలచన, పరీక్ష ముందు రాత్రి పక్కన పార్టీ. సైలెన్స్ టైమ్ అని రూల్ ఉంటుంది కానీ ఫిర్యాదు చేయాల్సింది మనమే, పొద్దున ఎదురుపడాల్సిందీ మనమే. కిచెన్ ఇంకా కష్టం. సింకులో గిన్నెలు మూడు రోజులు నానుతుంటే ఫ్రిజ్ మీద చీటీలు అంటించుకుంటూ పోయాం, ఎవరూ కడగలేదు. చివరికి ఆదివారం అందరం కూర్చుని వంతులు వేసుకున్నాక కుదుటపడింది. చీటీ రాయకండి, మొదటి వారంలోనే మొహం చూసి మాట్లాడండి. చాలాచోట్ల ఫ్లోర్‌కి ఒక సీనియర్ స్టూడెంట్‌ని పెడతారు, గొడవ ముదరకముందే వాళ్లకి చెప్పొచ్చు.

ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నాను, బల్ల మీద ఈ నల్లటి గుండ్రటి మచ్చ చూడండి. నేను రాకముందు ఎవరో వేడి గిన్నె పెట్టారు. మొదటి ఏడాది ఉన్న గదిలో ఇలాంటిదే కిటికీ పట్టీ విరిగి ఉంటే, చేరిన రోజు ఇచ్చిన ఫారంలో రాయలేదని నా డిపాజిట్‌లోంచి కోశారు. ఎంత చెప్పినా వినలేదు. ఈ గదికి వచ్చిన రోజు మాత్రం పెట్టె తెరవకముందే ఫోన్ తీసి ప్రతి మూలా వీడియో తీశాను, అల్మారా లోపల కూడా, తీసిన వెంటనే ఆఫీసుకి మెయిల్ చేశాను. మా తమ్ముడికి కూడా మొదట చెప్పింది ఇదే.

రెండో ఏడాది తర్వాత ఇక్కడే ఉండనిస్తారా అంటే, చాలాచోట్ల కొత్తవాళ్లకే ముందు ఇస్తారు, మిగిలినవాళ్లు వెయిటింగ్ లిస్టులో ఉండాలి. నాకు ఈసారి రాలేదు. నాలుగు నెలల ముందే తెలిసింది కాబట్టి బయట నిదానంగా వెతుక్కున్నాను, ఇద్దరం కలిసి తీసుకున్నాం. ఆ రెండో మనిషి ఎవరో మీరు ఊహించే ఉంటారు, సాక్సుల అమ్మాయే. తలుపు కొడుతోంది, పెట్టెలు కిందికి దించాలి. కొత్త ఇంట్లో కలుద్దాం, ఉంటానండీ.