మా ఇంటి ఫైలులో ఉన్న కాగితం

అధ్యక్షుల వారికి, కమిటీ పెద్దలకు, కాలనీ వాళ్లందరికీ నమస్కారం. ఇంటి బీమా గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను ఏజెంటును కాను, ఏ కంపెనీ తరఫునా రాలేదు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం, విజయవాడ సింగ్‌నగర్‌ను బుడమేరు వాగు ముంచినప్పుడు అక్కడ కింది ఇంట్లో ఉన్నదాన్ని.

ముందు బియ్యం డబ్బా మంచం మీదికి ఎక్కించాం. కాసేపటికి మంచమే మునిగింది. పిల్లల సర్టిఫికెట్లు చంకన పెట్టుకుని మేడ మీదివాళ్ల ఇంటికి చేరాం. అదంతా మీరు టీవీల్లో చూశారు. నేను చెప్పాల్సింది నీళ్లు తీశాక జరిగింది.

మా ఆయన ధైర్యంగానే ఉన్నారు. "లోన్ తీసుకున్నప్పుడే ఇన్సూరెన్స్ కట్టాం కదా" అన్నారు. కట్టిన మాట నిజం. తడిసిన ఫైలు ఎండలో ఆరబెట్టి, కాగితం చిరక్కుండా విడదీసి చదివాం. అది ఇంటి బీమా కాదండీ! లోన్ తీసుకున్న మనిషి పోతే మిగిలిన అప్పు తీర్చే జీవిత బీమా. ఇల్లు కొట్టుకుపోయినా దాంట్లో పైసా రాదు. తొమ్మిదేళ్లు దాన్ని ఇంటి బీమా అనుకుని నిశ్చింతగా పడుకున్నాం. బ్యాంకులో అన్ని సంతకాలు పెట్టించుకున్నారు, ఈ ఒక్క తేడా ఎవరూ చెప్పలేదు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

మీలో ఎంతమందికి హౌసింగ్ లోన్ ఉంది? చేతులెత్తండి. ఇంతమందిలో ఆ పాలసీ కాగితం చదివినవాళ్లు ఎందరు? చూశారా.

సరే, ఇంటికి బీమా ఏది? 2021 ఏప్రిల్ నుంచి మన దేశంలో 'భారత్ గృహ రక్ష' అనే పాలసీ ఉంది. బీమా కంపెనీలను అదుపు చేసే ప్రభుత్వ సంస్థ ఐఆర్‌డీఏఐ తెచ్చిన నమూనా కాబట్టి ఏ కంపెనీలో తీసుకున్నా మూల షరతులు ఒకటే. అగ్నిప్రమాదం, తుఫాను, వరద అన్నీ అందులోనే ఉంటాయి. స్థలం ఖరీదు లెక్కలోకి రాదు, మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చే లెక్క. భవనానికి తీసుకుంటే ఆ మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా, సామాన్లకు దానంతటదే వర్తిస్తుంది. 30 లక్షలకు ఇంటికి బీమా రాయిస్తే సామాన్లకు 6 లక్షలన్నమాట. ఇల్లు ఉండటానికి పనికిరాకుండా పోతే బయట ఉండే అద్దె కూడా ఇస్తారు. నగలకు మాత్రం విడిగా రాయించాలి. నగదుకు రాదు. బండికి ఈ పాలసీ కాదు, దాని పాలసీ దానిదే.

ఇది ముందే తెలిసి ఉంటే... మళ్లీ అక్కడికే వెళ్తున్నాను, క్షమించండి. మా పక్కింటి పిన్నిగారి సంగతి చెప్పి తీరాలి.

ఆవిడకు నిజంగానే ఇంటి పాలసీ ఉంది. నీళ్లు తీయగానే ఇల్లంతా కడిగి, ఉబ్బిపోయిన పరుపులు, మంచాలు బయట పారేయించి, ఆ తర్వాత కంపెనీకి ఫోన్ చేశారు. నష్టం ఎంతో లెక్కగట్టే సర్వేయరు వచ్చేసరికి గోడ మీద నీటి మరక కూడా లేదు. పరుపులకు ఫొటో లేదు, బిల్లు లేదు. గోడలకూ తలుపులకూ వచ్చింది గానీ సామాన్లకు చాలావరకు రాలేదు. ఆవిడను తప్పు పట్టగలమా? ఆ బురదలో మనవల్ని ఎక్కడ పడుకోబెడతారు? అందుకే గట్టిగా చెబుతున్నాను. ముందు కంపెనీకి ఫోన్, తర్వాత ప్రతి గదికీ ఫొటోలు, వీడియో. ఆ తర్వాతే చీపురు పట్టుకోండి. పాడైన వస్తువు సర్వేయరు చూసేదాకా ఒక మూల ఉంచండి. పాలసీ కాపీ ఫోన్లో పెట్టుకోండి, ఊళ్లో ఉన్న బంధువుకీ ఒకటి పంపండి.

క్లెయిమ్ కాదంటే కారణం రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీకే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్, అంటే బీమా ఫిర్యాదులు విచారించే అధికారి దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

ఆ చివర కూర్చున్న అమ్మాయీ, నువ్వు అద్దెకుంటున్నావు కదూ? అద్దెవాళ్లు సామాన్లకు మాత్రమే తీసుకోవచ్చు. నువ్వూ రా. వచ్చే ఆదివారం పది గంటలకు ఇదే హాల్లో ఉంటాను. లోన్ ఉన్నవాళ్లు ఫైళ్లు పట్టుకురండి. ఒక్కొక్కటీ కలిసి చదువుదాం.