నీళ్ల కంపెనీని మార్చుకోలేని వాడికి దిక్కెవరు?

[తెరపై: కుళాయి తిప్పుతున్న చేయి. గ్లాసులో నీళ్లు పడే చప్పుడు మాత్రమే.]

లండన్‌లో ఉండే మనిషి ఫోన్ కంపెనీ నచ్చకపోతే మార్చేస్తాడు. కరెంటు కంపెనీనీ మార్చుకోగలడు. ఇంటికి వచ్చే నీళ్ల కంపెనీని మాత్రం మార్చలేడు, ఇల్లు ఖాళీ చేసి వేరే ప్రాంతానికి పోతే తప్ప. వీధి కింద ఉన్నది ఒకటే పైపు. పోటీ కోసమని పక్కనే రెండోది వేస్తే ఆ ఖర్చు కూడా జనం నెత్తినే పడుతుంది.

1989లో బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ ప్రభుత్వం ఇంగ్లండ్, వేల్స్‌లోని పది ప్రాంతీయ నీటి సంస్థలను ప్రైవేటుకు అమ్మేసింది. సుమారు 500 కోట్ల పౌండ్ల అప్పు మాఫీ చేసి మరీ అమ్మింది. స్కాట్లండ్‌లో నీళ్లు ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయాయి. కొన్నవాళ్లు ధరలు ఇష్టమొచ్చినట్టు పెంచకుండా చూడటానికి పెట్టిన సంస్థే ఆఫ్‌వాట్. తాగునీటి నాణ్యత, నదుల కాలుష్యం చూసేవి వేరే సంస్థలు. మనం ఈ వీడియోలో డబ్బు దగ్గరే ఉందాం.

[తెరపై: పక్కపక్కనే కంపెనీల పేర్లు, ఒక్కోదాని ముందు పొడుగూ పొట్టీ గీతలు.]

పోటీయే లేని చోట ధర ఎంత ఉండాలో ఎలా తేలుస్తారు? కంపెనీలను ఒకదానితో ఒకటి పోల్చి. ఐదేళ్లకోసారి అందరి లెక్కలూ తెప్పిస్తారు: ఎంత నీరు లీకవుతోంది, సరఫరా ఎంతసేపు ఆగింది, దేనికెంత ఖర్చయింది. తక్కువ ఖర్చుతో బాగా నడిపే వాళ్లను కొలబద్దగా పెట్టుకుని, మిగతావాళ్ల బిల్లులకు హద్దు గీస్తారు. పెద్ద నీటి కంపెనీలు రెండు విలీనమవుతామంటే చట్టం ప్రత్యేకంగా పరిశీలించేది కూడా ఇందుకే. రెండు ఒకటైతే పోల్చి చూడటానికి ఒకటి తగ్గిపోతుంది కదా.

ఈ ఆలోచన నాకు చాలా నచ్చుతుంది. కానీ దీని ప్రాణమంతా ఆ లెక్కల్లోనే ఉంది, ఆ లెక్కలు ఇచ్చేదేమో కంపెనీలే. మురుగు శుద్ధి కేంద్రాల పనితీరును సదరన్ వాటర్ అనే నీటి కంపెనీ తప్పుగా చూపించిందని తేలాక, 2019లో 12.6 కోట్ల పౌండ్ల భారం పడింది. అందులో 12.3 కోట్లు వినియోగదారుల బిల్లుల్లో తగ్గించాలన్నారు. జరిమానా పేరుతో ఖజానాకు పోకుండా, నష్టపోయిన వాళ్లకే డబ్బు తిరిగి రావడం న్యాయం.

[తెరపై: వేల్స్ పటం, డీ నది, దాని దగ్గర ఒక కాగితం మిల్లు.]

ఇప్పుడు ఒక కథ చెబుతాను. ఈశాన్య వేల్స్‌లో షాటన్ కాగితం మిల్లు. దానికి ఆల్బియన్ వాటర్ అనే చిన్న కంపెనీ నీళ్లు అమ్మేది, డూర్ కమ్రి అనే పెద్ద కంపెనీ దగ్గర క్యూబిక్ మీటరు సుమారు 26 పెన్స్‌కు కొని. ఆల్బియన్‌కు ఒక ఆలోచన వచ్చింది: "నీళ్లు వేరేచోట నేనే కొనుక్కుంటాను, మీ పైపులో పంపనివ్వండి చాలు. అద్దె ఎంత?"

2001లో వచ్చిన జవాబు 23.2 పెన్స్. నీటి ధర సుమారు 3 పెన్స్ కలపండి. మళ్లీ 26 దగ్గరికే వచ్చాం. చిన్న కంపెనీకి మిగిలేది సున్నా.

తలుపు మూయలేదు, గడప మాత్రం ఎక్కలేనంత ఎత్తు పెట్టారు. ఆఫ్‌వాట్ 2004లో ఇందులో తప్పేమీ కనిపించలేదంది! పోటీ వ్యవహారాల అప్పీల్ ట్రిబ్యునల్ ఒప్పుకోలేదు. లాభానికి చోటు లేకుండా నొక్కేశారని 2006లో, అసలు ఆ అద్దే అన్యాయంగా ఎక్కువని 2008లో తీర్పిచ్చింది. పైపు ఎవరిదో వాళ్లే అద్దె నిర్ణయిస్తే పోటీ కాగితం మీదే ఉంటుంది. ఆ సంగతి రుజువు కావడానికి ఏడేళ్లు పట్టింది.

ఇంగ్లండ్‌లో వ్యాపార సంస్థలు 2017 ఏప్రిల్ నుంచి తమ నీటి రిటైల్ కంపెనీని ఎంచుకోవచ్చు. మారేది బిల్లు వేసేవాళ్లు, మీటరు చూసేవాళ్లే. నీళ్లూ పైపూ పాతవే. ఇళ్లకు ఈ వీలు లేదు.

[తెరపై: ఒక నీటి బిల్లు, దాని మీద ఎర్ర అక్షరాల హెచ్చరిక.]

మరి ఇళ్లవాళ్లకు ఏముంది? అన్నిటికంటే పెద్దది 1999 చట్టం: బిల్లు కట్టలేదని ఇంటికి నీళ్లు ఆపడానికి వీల్లేదు. బాకీ వసూలుకు వేరే దారులు వెతుక్కోవాలి, కుళాయి జోలికి పోకూడదు. దీన్నే నేను అసలైన రక్షణ అంటాను. చెప్పిన టైముకు మనిషి రాకపోయినా, చెప్పకుండా సరఫరా ఆపినా కంపెనీ పరిహారం కట్టాలి. 2000 నుంచి కదలని ఆ రేట్లను 2025లో రెట్టింపుకు పైగా పెంచారు. కంపెనీ వినకపోతే ఫిర్యాదు తీసుకోవడానికి 2005 నుంచి వినియోగదారుల మండలి ఉంది.

ఇన్ని ఉన్నా జనం కోపం చల్లారలేదు. 2024 డిసెంబరులో ఆఫ్‌వాట్, ద్రవ్యోల్బణం కాక, ఐదేళ్లలో సగటున 36 శాతం బిల్లుల పెంపుకు ఒప్పుకుంది. 2025 మేలో లండన్‌కు నీళ్లిచ్చే థేమ్స్ వాటర్‌కు 12.27 కోట్ల పౌండ్ల జరిమానా వేసింది. అందులో 1.82 కోట్లు వాటాదారులకు తగని డివిడెండ్లు పంచినందుకే.

అదే ఏడాది జూలైలో, నీటి రంగాన్ని సమీక్షించడానికి ప్రభుత్వం వేసిన జాన్ కన్‌లిఫ్ కమిషన్, ఆఫ్‌వాట్‌ను రద్దు చేసి ధర, నాణ్యత, కాలుష్యం అన్నీ ఒకే సంస్థ కిందికి తేవాలని సిఫార్సు చేసింది. ప్రభుత్వం సరేనంది. ఫిర్యాదులు తేల్చడానికి చట్టబలం ఉన్న అంబుడ్స్‌మన్‌నూ ఏర్పాటు చేస్తామంది. కంపెనీని మార్చుకోలేని మనిషికి కనీసం, కంపెనీ కాదనలేని తీర్పు ఒకటి అడిగే చోటన్నమాట.