ముందు వైరు, తర్వాతే రైలు: పాత కరెంటు బొమ్మ రైళ్లపై ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. పాత కరెంటు బొమ్మ రైళ్ల రిపేరు, వైరింగ్ గురించి ఈరోజు మాట్లాడుకుందాం. సలహాలిచ్చే సారు స్టూడియోలోనే ఉన్నారు. మొదటి కాల్ న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి. చెప్పండి మేడమ్.

ఎడిసన్ శ్రోత: నమస్తే సార్. మా పక్కింటి పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ మా అబ్బాయికి లయొనెల్ అనే అమెరికన్ కంపెనీ బొమ్మ రైలు సెట్ ఇచ్చారండి. 1950ల నాటిదట. పట్టాలు బిగించి ప్లగ్ పెట్టాం. ఇంజన్ ముందు దీపం వెలుగుతోంది, లోపల బుర్రుమంటోంది, కానీ బండి అంగుళం కూడా కదలట్లేదు.

నిపుణుడు: అమ్మా, ప్లగ్ ఇంకా గోడకే ఉందా?

ఎడిసన్ శ్రోత: ఉందండీ.

నిపుణుడు: ముందు అది పీకేయండి. పీకారా? ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ వైరుని, ప్లగ్ దగ్గర ఒకసారి, డబ్బాలోకి వెళ్లే చోట ఒకసారి మెల్లగా వంచి చూడండి.

ఎడిసన్ శ్రోత: అయ్యో, డబ్బా దగ్గర రబ్బరు పొడిపొడిగా రాలుతోందండీ. లోపలి రాగి కనిపిస్తోంది.

నిపుణుడు: అందుకే అడిగాను. పట్టాల మీదికి వచ్చేది పద్దెనిమిది, ఇరవై వోల్టులు. దానితో ప్రాణభయం లేదు. కానీ ఈ వైరులో ఉన్నది 120 వోల్టులు. డెబ్బై ఏళ్ల రబ్బరు అలాగే పెళుసెక్కుతుంది. వైరు మార్పించే వరకు దాన్ని ప్లగ్‌లో పెట్టకండి, పిల్లాడికి కూడా గట్టిగా చెప్పండి.

ఎడిసన్ శ్రోత: తప్పకుండా సార్. మరి బండి చెడిపోయినట్టేనా?

నిపుణుడు: నాకలా అనిపించట్లేదమ్మా. నా దగ్గరికొచ్చే వాటిలో చాలావాటికి జబ్బు మురికే. ఈ లయొనెల్ మోటార్‌లో శాశ్వత అయస్కాంతం ఉండదు, దాని బదులు తీగచుట్టే ఉంటుంది. అందుకే ఏసీ మీద, అంటే దిశ మారుతూ ఉండే కరెంటు మీద నడుస్తుంది. వైర్లు అటూ ఇటూ మార్చినా వెనక్కి తిరగదు. దిశ మార్చడానికి లోపల ఈ-యూనిట్ అని చిన్న యంత్రం పెట్టారు. కరెంటు రాగానే కాయిల్ ఒక ఇనప కడ్డీని పైకి లాగుతుంది, అది చిన్న డ్రమ్ముని ఒక పన్ను తిప్పుతుంది. ముందుకు, ఆగు, వెనక్కి, మళ్లీ ఆగు, ఇదీ వరస. మీరు విన్న బుర్ర్ శబ్దం ఆ కడ్డీదే. కరెంటు తీసి పెట్టినప్పుడల్లా ‘టక్’మని వినిపించిందా?

ఎడిసన్ శ్రోత: లేదండీ, బుర్రుమనడమే.

నిపుణుడు: అయితే కడ్డీ కిందికి జారట్లేదు. డ్రమ్ము ‘ఆగు’ దగ్గరే ఉండిపోయింది. ఇంజన్ని పట్టాల మీంచి తీసి, చెవి దగ్గర పెట్టుకుని తలకిందులు చేయండి. మళ్లీ నిటారుగా తిప్పండి. లోపల ఏదైనా జారిన చప్పుడొస్తోందా?

ఎడిసన్ శ్రోత: ఏమీ రావట్లేదు సార్.

నిపుణుడు: ఎవరో ఎప్పుడో అందులో నూనె పోసుంటారు. అది జిగురైపోయింది. ఇంట్లో ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే ఉందా?

ఎడిసన్ శ్రోత: గరాజ్‌లో మావారి దగ్గర ఉండాలి.

నిపుణుడు: గాలి తగిలే చోట, చక్రాల వైపు నుంచి ఆ కాయిల్ మీద కొద్దిగా కొట్టండి. పది నిమిషాలాగి, స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టి మళ్లీ తలకిందులు చేయండి. ఈ-యూనిట్‌కి మాత్రం నూనె వేయొద్దు. నూనె అడిగేవి ఇరుసులు, మోటార్ బేరింగులు, అదీ ఒక్కో చుక్క. మళ్లీ ఫోన్ చేయండమ్మా, ఎదురుచూస్తాను. ఆ కంపెనీ పాత ఫ్యాక్టరీ మీ న్యూజెర్సీలోనే, హిల్‌సైడ్‌లో ఉండేది. మీ చేతిలో ఉన్నది అక్కడ తయారైందే.

యాంకర్: తర్వాతి కాల్ హైదరాబాద్, మల్కాజిగిరి నుంచి.

మల్కాజిగిరి శ్రోత: సార్, మా బావగారు అమెరికా నుంచి అలాంటి సెట్టే తెచ్చారు. మన ప్లగ్‌కి అడాప్టర్ పిన్ను పెడితే చాలు కదా?

నిపుణుడు: వద్దండీ. పిన్ను మారితే వోల్టేజ్ మారదు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ 115 వోల్టులకి చుట్టింది, 230 ఇస్తే నిమిషాల్లో కాలిపోతుంది. 230ని తగ్గించే స్టెప్‌డౌన్ పెట్టుకున్నా, అక్కడి కరెంటు సెకనుకి 60 సైకిళ్లు, ఇక్కడ 50, కాబట్టి కొంచెం ఎక్కువే వేడెక్కుతుంది. నన్నడిగితే ఆ పాత ట్రాన్స్‌ఫార్మర్‌ని షోకేస్‌లో పెట్టి, మంచి వైండింగ్ షాపులో 230 నుంచి 16 వోల్టులకి, అయిదు ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి చుట్టించండి. వేగం తగ్గించుకోవడానికి దాని ముందు చిన్న డిమ్మర్‌స్టాట్, 16 వోల్టుల వైపు ఒక ఫ్యూజు. కోఠీ గుజరాతీ గల్లీలో అడిగి చూడండి. కూత మాత్రం రాదు, ఎందుకంటే కూతని మోగించే స్విచ్చుకి, అంటే రిలేకి, ఏసీతో పాటు కాస్త డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు, కలిపి పంపాలి. పాత ట్రాన్స్‌ఫార్మర్‌లో ఆ ఏర్పాటు ఉంటుంది.

మల్కాజిగిరి శ్రోత: మా తాతగారి హార్న్‌బీ డబ్లో అనే బ్రిటిష్ బొమ్మ రైలింజన్ కూడా ఉంది, దానికీ ఇదే వాడొచ్చా?

నిపుణుడు: అస్సలు వద్దు! లయొనెల్‌కీ దీనికీ మూడేసి పట్టాలున్నంత మాత్రాన రెండూ ఒకటి కావు. హార్న్‌బీ డబ్లోకి 12 వోల్టుల డీసీ కావాలి, లోపల శాశ్వత అయస్కాంతం ఉంది. ఏసీ ఇస్తే నడవదు సరికదా, కాయిల్ కాలిపోవచ్చు.

యాంకర్: ఇప్పుడు డాలస్ నుంచి ఒక చిన్న శ్రోత.

డాలస్ బాబు: అంకుల్, నా ట్రైన్ టేబుల్ అవతలి పక్కకి వెళ్లేసరికి స్లో అయిపోతోంది.

నిపుణుడు: వైరు ఒక్కచోటే ఇచ్చావు కదా నాన్నా? ప్రతి పట్టా జాయింట్ దగ్గరా కొంచెం కొంచెం వోల్టేజ్ పోతుంది. అవతలి పక్క కూడా రెండు వైర్లు దింపు. 16 గేజ్ వైరు తీసుకో. మధ్య పట్టాది మధ్యకే, బయటిది బయటికే. వదులుగా ఉన్న జాయింట్లని నాన్నగారితో ప్లయర్‌తో నొక్కించు. పట్టాలు తుడవడానికి స్టీల్ వూల్ వాడకు, ఆ రజను మోటార్‌లోకి చేరుతుంది. రబ్బింగ్ ఆల్కహాల్ తడిపిన గుడ్డ చాలు.

డాలస్ బాబు: ట్రైన్ వచ్చినప్పుడు సిగ్నల్ దానంతటదే వెలగాలంటే?

నిపుణుడు: భలే అడిగావు! మూడు పట్టాల బండిలో నాకు బాగా ఇష్టమైంది అదే. కరెంటు మధ్య పట్టా మీదుగా వస్తుంది, బయటి రెండు పట్టాలూ అది తిరిగి వెళ్లే దారులు. బండికి ఒకటున్నా సరిపోతుంది. అందుకని రెండోదాన్ని ఒక ముక్క వరకు వేరుచేస్తాం. ఆ ముక్కకి రెండు చివర్లా ఇనప పిన్నులు తీసి ప్లాస్టిక్ పిన్నులు పెట్టు. అది ఇనప స్లీపర్ల మీద ఆనే చోట పాత పోస్ట్‌కార్డు అట్ట చీలికలు దూర్చు, అది మరిచిపోతే లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. తర్వాత ట్రాన్స్‌ఫార్మర్‌లో మధ్య పట్టాకి వెళ్లే కొస నుంచి ఒక వైరు బల్బుకి, బల్బు నుంచి ఇంకోటి ఆ ముక్కకి. చక్రాలు దాని మీదికి రాగానే, ఇనప ఇరుసు రెండు బయటి పట్టాలనీ కలిపేస్తుంది, లైటు వెలుగుతుంది. బండి దాటగానే ఆరిపోతుంది. వేరే స్విచ్చే అక్కర్లేదు.

డాలస్ బాబు: వావ్! ఈరోజే పెడతాను అంకుల్.

యాంకర్: ఎడిసన్ మేడమ్ మళ్లీ లైన్లో ఉన్నారు.

ఎడిసన్ శ్రోత: సార్, వినండి, ఇంజన్ని ఫోన్ దగ్గరే పెట్టి తలకిందులు చేస్తున్నాను. (టక్... టక్)

నిపుణుడు: అదేనమ్మా! కడ్డీ జారుతోంది.

ఎడిసన్ శ్రోత: మావాడు ఇప్పుడే నడిపిద్దామని ఒకటే గోల సార్.

నిపుణుడు: రెండు రోజులు ఓపిక పట్టమనండి. వైరు మారనివ్వండి. ఈలోపు వాడికో పని. మోటార్ విప్పగలిగితే, రాగి కమ్యుటేటర్‌ని, అంటే కరెంటు అందించే బ్రష్షులు ఆనే రాగి ముక్కలని, ఆల్కహాల్ అద్దిన దూదితో తుడవమనండి. మూడు ముక్కల మధ్య సందుల్లో నల్లటి మసి ఉంటుంది, దాన్ని టూత్‌పిక్‌తో తీయాలి. బ్రష్షుల వెనక స్ప్రింగులు ఎగిరిపోతాయి, కింద తెల్ల దుప్పటి పరుచుకుని కూర్చోమనండి.