మీ ఫోన్ ఫైలుకి రెండు సెకన్లు! గోప్యత హక్కు సర్కారుకేనా, మనకి లేదా?

రెండు సెకన్లు. లెక్కెట్టండి. ఒకటి, రెండు. అయిపోయింది. మీ ఫోన్ని ప్రభుత్వం వినడం న్యాయమా కాదా అని తేల్చే ఆఖరి తనిఖీలో మీ ఫైలుకి దక్కే టైము ఇంతే. ఇంకా చెప్పాలంటే రెండు సెకన్లు కూడా నిండుగా లేదు.

గాల్లో మాట కాదిది. రిటైర్డ్ సుప్రీంకోర్టు జడ్జి బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీ 2018లో ఇచ్చిన రిపోర్టు తీయండి. ఆ కమిటీని వేసింది కేంద్ర ప్రభుత్వమే. ట్యాపింగ్ ఆర్డర్లని చూసే రివ్యూ కమిటీ రెండు నెలలకోసారి కూర్చుంటుందట, కూర్చున్న ప్రతిసారీ 15,000 నుంచి 18,000 ఆర్డర్లు చూడాలట. అది అయ్యే పని కాదని శ్రీకృష్ణ కమిటీ వాళ్లే రాశారు. సరే, మనం లెక్క కట్టుకుందాం. ఎనిమిది గంటలు టీ కూడా తాక్కుండా కూర్చున్నారనుకోండి, 28,800 సెకన్లు. 15,000 ఆర్డర్లైతే ఒక్కోదానికి 1.92 సెకన్లు. 18,000 అయితే 1.6. ఫైలు మీద పేరు చదవడానికైనా సరిపోతుందేటి?

ఇప్పుడందరూ హైదరాబాద్ కేసు గురించే మాట్లాడుతున్నారు. 2024 మార్చిలో పంజగుట్ట స్టేషన్లో కేసు పడింది, మావోయిస్టుల మీద నిఘాకి పెట్టిన విభాగంతో లీడర్లవీ జర్నలిస్టులవీ ఫోన్లు విన్నారని, ప్రభుత్వం మారగానే హార్డ్ డిస్కులు నాశనం చేశారని ఆరోపణ. అది కోర్టు తేల్చాల. టీవీల్లో మాత్రం ఏ పార్టీ వాడు విన్నాడు, ఏ పార్టీ వాడిది విన్నారు అనే గోలే. నా గోల అది కాదు. రూలు ప్రకారం, పద్ధతిగా, సంతకాలతో విన్నా మనకి దిక్కు లేదు. అదీ నా బాధ.

రూలు ఏటి చెప్తోందో చూడండి. పాత 1885 టెలిగ్రాఫ్ చట్టం పోయి, 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చింది. దాని కింద ట్యాపింగ్ రూల్స్ 2024 డిసెంబరులో వచ్చాయి. అడిగేది పోలీసు లేదా నిఘా సంస్థ. రాష్ట్రంలో సంతకం పెట్టేది హోం సెక్రటరీ. ఆ సంతకం కరెక్టా కాదా చూసే రివ్యూ కమిటీలో చీఫ్ సెక్రటరీ, లా సెక్రటరీ, ఇంకో సెక్రటరీ. జడ్జి ఉన్నాడా? లేడు. బయటి మనిషి ఒక్కడైనా ఉన్నాడా? లేడు. మిల్లరే తూకం వేసి, మిల్లరే తేమ చూసి, మిల్లరే బిల్లు రాసిస్తే నరసన్నపేట రైతు ఊరుకుంటాడేటి? ఫోను దగ్గరకొచ్చేసరికి మనందరం ఊరుకున్నాం.

ఒక ఆర్డరు 60 రోజులు నడుస్తుంది, పొడిగించుకుంటూ పోతే 180 రోజులు. మారుమూల ప్రాంతమనో, పని అర్జెంటనో అంటే హోం సెక్రటరీ సంతకం కూడా ముందు అక్కర్లేదు, రాష్ట్రంలో ఐజీ ర్యాంకు ఆఫీసరే మొదలెట్టీవచ్చు. మూడు పనిదినాల్లో పైకి తెలియజేయాల, ఏడు పనిదినాల్లో ఖరారు కాకపోతే ఆపీయాల. మారుమూల అంటే ఎక్కడో కాదు బాబూ. సీతంపేట కొండలకి, గుమ్మలక్ష్మీపురం ఏజెన్సీకి ఆ మాట ఎంత తేలిగ్గా అతుకుతాదో ఆలోచించండి.

ఏ కారణం మీద వినొచ్చంటే దేశ సమగ్రత, రక్షణ, ఇలా కొన్ని రాశారు. వాటిలో 'పబ్లిక్ ఆర్డర్' ఒకటి. 2010 జూలై 14న సోంపేట బీలలో, అంటే చిత్తడి నేలలో, థర్మల్ ప్లాంటు వద్దని జనం రోడ్డెక్కితే కాల్పులు జరిగి ఇద్దరు చనిపోయారు. అదే రోజు ఆ థర్మల్ ప్లాంటు పర్యావరణ అనుమతిని అప్పీలు సంస్థ రద్దు చేసింది. అంటే జనం చెప్పింది నిజమే! కానీ రేపు ఇంకో బీల కోసం ఇంకో ఊరు లేస్తే, ఆ ఊరి పెద్దల ఫోన్లు వినడానికి 'పబ్లిక్ ఆర్డర్' అని ఒక్క ముక్క రాస్తే చాలదా? రాసినోడిని అడిగేదెవరు? రెండు సెకన్ల కమిటీ.

అసలు మీ ఫోన్ విన్నారని మీకు చెప్తారా? ఆ ఊసే రూల్లో లేదు. ఆరేసి నెలలకి రికార్డులు చెరిపీయమని మాత్రం ఉంది. అలా చెరిపీడం మన మంచికేనంటారు. నేనొప్పుకోను. మనకి తెలియకుండా విని, మనకి తెలియకుండా చెరిపీస్తే, తప్పు జరిగిందని కోర్టులో దేంతో చూపిస్తాం?

బాంబే హైకోర్టు 2019లో ఒక వ్యాపారి ఫోన్ ట్యాపింగ్ ఆర్డర్లు కొట్టీసింది. మద్రాస్ హైకోర్టు 2025 జూలైలో 2011 నాటి ఆర్డరొకటి కొట్టీసింది. రెండూ లంచం కేసులే. మామూలు నేరం పట్టుకోవడానికి రహస్యంగా ఫోన్లు వినడం కుదరదు, నిజంగా ప్రజలకి ఆపద ఉంటేనే వినాలి అన్నారు. బాగుంది. కానీ వాళ్లకి తమ ఫోన్ విన్నారని ఎలా తెలిసింది? సీబీఐ కేసు పెట్టింది కాబట్టి తెలిసింది! కేసులో ఇరుక్కున్నోడికి తెలుస్తాది. ఏ తప్పూ చెయ్యని టీచరమ్మకి, యూనియన్ లీడరుకి, ఊళ్లో విలేకరికి జన్మలో తెలీదు. తప్పు చెయ్యనోడికే దిక్కులేని చట్టం ఇది.

ఇక్కడో మనిషి గురించి చెప్పాలి. కోకా సుబ్బారావు. మన తెలుగాయనే, రాజమండ్రి. ఖరక్ సింగ్ అని ఉత్తరప్రదేశ్‌లో ఒకడు. దోపిడీ కేసులో పట్టుకెళ్లి, సాక్ష్యం లేక వదిలీసారు. అయినా హిస్టరీ షీటు తెరిచారు. అర్ధరాత్రి తలుపు కొట్టి ఉన్నావా లేవా అని లేపడం, ఎక్కడికెళ్తే అక్కడ కన్నెయ్యడం. 1962లో సుప్రీంకోర్టు రాత్రి తలుపు కొట్టడం తప్పంది గానీ, గోప్యత అనే హక్కు రాజ్యాంగంలో లేదంది. ఆరుగురు జడ్జిల్లో సుబ్బారావు గారు, జస్టిస్ షాతో కలిసి, కాదని అడ్డం తిరిగారు. పోలీసు కళ్ల కింద తిరిగేవాడికి స్వేచ్ఛ ఎక్కడిది, దేశమంతా వాడికి జైలే అని రాశారు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జిలు ఒకే మాటగా, గోప్యత ప్రాథమిక హక్కే, 21వ అధికరణలోనే ఉంది అన్నారు. సుబ్బారావు గారి మాట దేశం మాట కావడానికి 55 ఏళ్లు పట్టింది! శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో నిలబడి పదిమంది కుర్రాళ్లని అడగండి, ఈ పేరు ఎంతమందికి తెలుసో. స్కూలు పుస్తకంలో ఉండాల్సిన తీర్పు అది.

ఆ తొమ్మిది మంది మూడు మెట్లు పెట్టారు: చట్టం ఉండాల, సరైన అవసరం ఉండాల, అవసరానికి మించి చొరబడకూడదు. మూడో మెట్టుని ఎవడు కొలుస్తాడు? మళ్లీ అదే కమిటీ. ఫోన్లలోకి దొంగచాటుగా దూరే నిఘా సాఫ్ట్‌వేర్ పెగాసస్ విషయంలో చూశాం కదా. జస్టిస్ ఎన్.వి. రమణ బెంచి 2021 అక్టోబరులో కమిటీ వేస్తే, 29 ఫోన్లు పరీక్షించి ఐదింటిలో ఏదో మాల్వేర్ ఉందన్నారు, అది పెగాసస్సే అని తేలలేదు. ప్రభుత్వం సహకరించలేదని కమిటీ చెప్పిందని కోర్టులోనే చదివారు. రిపోర్టు సీలు కవర్లోకి వెళ్లిపోయింది.

ఇప్పుడు అసలు దగా. ఉపాధి పనికెళ్లిన చీపురుపల్లి కూలమ్మ ఫొటో రోజుకి రెండుసార్లు యాప్‌లో ఎక్కాలి, టైముతో, చోటుతో సహా. 2023 జనవరి నుంచి, వ్యక్తిగత పనులు తప్ప అన్నిటికీ తప్పనిసరి చేశారు. పొద్దున్న ఒక ఫొటో, మళ్లీ ఒక ఫొటో. సిగ్నల్ లేక ఎక్కకపోతే కూలి గల్లంతు. ఆవిడ గోప్యత ఎవడికీ గుర్తు రాలేదు. అదే ఒక ఆఫీసరు మీద ఎంక్వైరీ రిపోర్టు అడగండి, 'వ్యక్తిగత సమాచారం' అంటాడు!

ఎందుకంటే ఆర్టీఐ, అంటే సమాచార హక్కు చట్టం, సెక్షన్ 8(1)(జె) మార్చీసారు. ముందు ఎలా ఉండేది? ప్రజల పనితో సంబంధం లేని సొంత విషయమైతే ఇవ్వరు, ప్రజా ప్రయోజనం ఉంటే అదీ ఇవ్వాలి. పార్లమెంటుకి కాదనలేనిది పౌరుడికీ కాదనకూడదు అని కూడా ఉండేది. 2023 డేటా రక్షణ చట్టంలో ఒక చిన్న సవరణ దూర్చి ఇవన్నీ తీసీసి 'వ్యక్తిగత సమాచారం' అనే ముక్క మిగిల్చారు. 2025 నవంబరు నుంచి అమల్లో ఉంది. అదే చట్టంలో సెక్షన్ 17 చూడండి: కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకి ఆ చట్టమే వర్తించదు. మన డేటాకి కంచె తీసీసి, వాళ్ల ఫైలుకి కంచె కట్టుకున్నారు. గోప్యత హక్కు గెలిచింది మనం, అనుభవిస్తున్నది వాళ్లు.

అయినా దారి మూసుకుపోలేదు, వినండి, రాసుకోండి. సెక్షన్ 8(2) ఇంకా బతికే ఉంది. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఏ మినహాయింపు ఉన్నా ఇవ్వొచ్చు. అది ఆఫీసరుకి తనంతట తాను గుర్తు రాదు. మీ అర్జీలోనే రాయండి: 'సెక్షన్ 8(2) ప్రకారం ప్రజా ప్రయోజనం ఇది' అని, ఏ డబ్బు, ఏ పని, ఏ సంవత్సరం, నాలుగు లైన్లు. తర్వాతి లైనులో సెక్షన్ 10: 'ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు నల్లగా కొట్టీసి మిగతాది ఇవ్వండి'. ఇది రాయకపోతే ఒక్క ఆధార్ నంబరు సాకుతో రిజిస్టరు మొత్తం ఆపీస్తారు. లబ్ధిదారుల వివరాలైతే సెక్షన్ 4(1)(బి) పట్టుకోండి, అవి వాళ్లంతట వాళ్లే బయటపెట్టాల్సినవి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకి 30 రోజులు. రాకపోతే, కాదంటే, 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో కమిషన్‌కి. ఊళ్లో భయముంటే ఇంటి అడ్రసు వద్దు, పోస్టు బాక్సు నంబరు చాలని కలకత్తా హైకోర్టు 2013లోనే చెప్పింది.

ఇక లోపల కూర్చుని తప్పు చూసినోళ్లు. విజిల్ బ్లోయర్లు. సత్యేంద్ర దూబే గుర్తున్నాడా? హైవే ఇంజినీరు. నా పేరు బయటపెట్టొద్దని ప్రధాని ఆఫీసుకి రాశాడు. ఉత్తరం ఆఫీసు ఆఫీసూ తిరిగింది. 2003 నవంబరు 27న గయలో కాల్చి చంపీసారు. దాని తర్వాత 2014లో విజిల్ బ్లోయర్ల రక్షణ చట్టం చేశారు, రాష్ట్రపతి సంతకం కూడా అయింది. అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ మాత్రం ఇవ్వలేదు! మన ఫోన్లు వినే రూల్స్ టంచనుగా వస్తాయి, మనల్ని కాపాడే చట్టానికి తేదీ దొరకదు. అమెరికా నిఘా సంస్థలో పనిచేసిన స్నోడెన్ 2013లో బయటపెట్టిన ఫోన్ రికార్డుల సేకరణ చట్టవిరుద్ధమని 2020లో అక్కడి అప్పీలు కోర్టే చెప్పింది. అయినా ఆయన ఇంటికి రాలేదు.

చట్టం లేదు గానీ, 2004 నాటి ఒక తీర్మానం ఉంది, దాని కింద సెంట్రల్ విజిలెన్స్ కమిషన్‌కి రాయొచ్చు. పద్ధతి తప్పితే రక్షణ పోతుంది, జాగ్రత్త. కవరు అంటించాలి. పైన 'ప్రజా ప్రయోజన వెల్లడి కింద ఫిర్యాదు' అని ఇంగ్లీషులోనో హిందీలోనో రాయాలి. అది రాయకపోతే మామూలు ఫిర్యాదులా నలుగురి చేతుల్లో పడుతుంది. సెక్రటరీ, సీవీసీ, సతర్కతా భవన్, న్యూఢిల్లీ 110023. కవరు మీద మీ పేరు వద్దు. పోస్టాఫీసులో పంపేవారి పేరు అడిగితే, ఈ ఫిర్యాదులకి అక్కర్లేదని తపాలా శాఖ ఆదేశాలున్నాయని చెప్పండి. లోపల మాత్రం పేరుండాల, లేకపోతే తీసుకోరు. పేరు విడి కాగితం మీద పెట్టండి, ఫిర్యాదు కాగితంలో మీరెవరో తెలిసే ముక్క రాయకండి, 'నా సెక్షన్‌లో', 'నేను బదిలీ అయ్యాక' ఇలాంటివి. రసీదు రాదు, మళ్లీ మళ్లీ రాయకండి. ఇది కేంద్ర ఆఫీసులకి, కేంద్ర సంస్థలకి, ప్రభుత్వ బ్యాంకులకి మాత్రమే. మండలాఫీసు గురించి, రాష్ట్ర శాఖ గురించి రాస్తే పనికిరాదు. రాష్ట్ర ఉద్యోగి చేయగలిగింది, ఫైలు నంబరు, తేదీ నమ్మకమైన బయటి మనిషికి చెప్పి, ఆర్టీఐలో అదే అడిగించడం. అప్పుడు కాగితం ఆఫీసు స్టాంపుతోనే బయటకొస్తాది.

దొరికిపోయేది ఎక్కడో తెలుసా? కాగితం దగ్గరే. 2017లో అమెరికాలో రియాలిటీ విన్నర్ అనే పేరున్న ఆవిడ ఒక నిఘా రిపోర్టు ప్రింటు తీసి పత్రికకి పంపింది. ఆ ఫైలు ప్రింటు తీసింది ఆరుగురే. అక్కడితో దొరికిపోయింది, ఐదేళ్ల మూడు నెలల శిక్ష. మీ ఆఫీసు కంప్యూటర్లో ఎవరు తెరిచారో, ఎవరు ప్రింటిచ్చారో రికార్డవుతుంది. కలర్ లేజర్ ప్రింటర్లు చాలావరకు కంటికి కనపడని పసుపు చుక్కల్లో తమ సీరియల్ నంబరు వేస్తాయి. ఫోన్ ఫొటోలో టైము, చోటు దాక్కుంటాయి. వర్డ్ ఫైల్లో రాసినోడి పేరుంటుంది. అందుకే ముగ్గురు చూసిన కాగితం ముట్టుకోకండి, ముప్పై మంది చూసిన సర్క్యులర్ పట్టుకోండి.

అరిస్తే పని జరగదని ఎవడైనా అంటే, సంచార్ సాథీ అనే ప్రభుత్వ యాప్ సంగతి చూపించండి. ప్రతి కొత్త ఫోన్లో ఆ యాప్ వేసి అమ్మాలని 2025 నవంబరు 28న ఆర్డరిచ్చారు. దేశమంతా గోల చేసింది. డిసెంబరు 3న వెనక్కి తీసుకున్నారు. ఐదు రోజులు! ట్యాపింగ్ మీద ఆ గోల ఎందుకు లేదు? కనపడదు కాబట్టి. అందుకే నేను అడిగేది ఒక్కటే: సంతకానికి ముందు జడ్జి చూడాల, ఆపేశాక మనిషికి చెప్పాల, ఏటా ఎన్ని ఆర్డర్లిచ్చారో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారీగా అసెంబ్లీలో పెట్టాల. పేర్లొద్దు, అంకెలు చాలు.

8(1)(జె) పేరుతో మీ ఆర్టీఐ అర్జీ తిరగ్గొట్టిన ఉత్తరం మీ దగ్గరుంటే, పేర్లు, నంబర్లు కొట్టీసి, ఏ శాఖ, ఏ నెల, ఏ కారణం రాశారో ఆ మూడు ముక్కలు కామెంట్లో పెట్టండి. అప్పీల్లో 8(2) ఎలా రాయాలో వాటిలోంచి ఒకటి తీసుకుని వచ్చే వీడియోలో లైను లైనూ రాసి చూపిస్తాను.