ఆ ముక్క ఎంతకు గిట్టుతుంది?

(భీమవరంలో డిగ్రీ గణిత విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

గోదావరి జిల్లాల వాళ్లకి ముక్క కోసం కాచుకోవడం అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. రమ్మీలో ఆఠీను ఆరు, ఏడు ఉంటే అయిదు పడినా ఎనిమిది పడినా సీక్వెన్స్ కలుస్తుంది. రెండు పేకలు కాబట్టి పనికొచ్చే ముక్కలు నాలుగు. ఆరు, ఎనిమిది పట్టుకుని ఏడు కోసం కూర్చుంటే ఉన్నవి రెండే. రమ్మీలో పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి, కనుక అది ప్రధానంగా నైపుణ్యం గల ఆట అని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిందే. ఆ నైపుణ్యానికి పోకర్‌లో ఇంకొకటి కలుస్తుంది: ధర కట్టడం. ఈరోజు పందెం చింతపిక్కలతోనే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. లెక్క నేర్చుకోవడానికి పిక్కలు చాలు.

పోకర్‌లో హోల్డెమ్ అనే రకం ఉంది. అందులో చేతికి రెండు ముక్కలు. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ముందు మూడు, అది ఫ్లాప్. తర్వాత ఒకటి టర్న్, ఆఖరుది రివర్. మీ చేతిలో ఆఠీను ఆసు, తొమ్మిది ఉన్నాయనుకోండి. ఫ్లాప్‌లో ఆఠీను రాజు, ఆఠీను నాలుగు, కళావరు ఏడు పడ్డాయి. ఇంకొక్క ఆఠీను పడితే ఫ్లష్, అంటే ఐదు ముక్కలూ ఆఠీన్లే. పదమూడులో నాలుగు పోగా మిగిలినవి 9. మీరు చూడని ముక్కలు 47. టర్న్‌లో వచ్చే అవకాశం 9/47, అంటే 19.1 శాతం. రెండు ముక్కలూ చూడనిస్తే, రెండుసార్లూ రాకపోవడం 38/47 × 37/46, సుమారు 65 శాతం. వచ్చేది 35 శాతం.

"ఎదుటివాళ్ల చేతుల్లోనూ ఆఠీన్లు ఉండొచ్చు కదండీ, 47 ఎలా అవుతుంది?" అని అడుగుతారు. ఉండొచ్చు. ఉండకపోనూవచ్చు. మనకి కనపడని ముక్క పేకలో ఉన్నా ఎదుటి చేతిలో ఉన్నా మన లెక్కకి ఒకటే. రమ్మీలో పారేసిన ముక్క కంటికి కనపడుతుంది కనుక దాన్ని తీసేస్తాం. ఇక్కడ అలా కనపడేదేమీ లేదు.

ఇప్పుడు ధర. టర్న్‌లో ఇస్పేటు రెండు పడింది. కుండలో, అంటే బల్ల మధ్య పోగైన పందెంలో, 300 పిక్కలున్నాయి, ఎదుటివాడు 100 వేశాడు. మీరు 100 వేస్తే మొత్తం 500. అందులో మీ వంతు ఐదో భాగం, కాబట్టి కనీసం 20 శాతం అవకాశం ఉండాలి. మీకున్నది 9/46, అంటే 19.6. ఇదే చేతిని 46 సార్లు ఆడితే 9 సార్లు 400 చొప్పున 3,600 వస్తాయి, 37 సార్లు వంద చొప్పున 3,700 పోతాయి. చూడ్డానికి సరిపోయినట్టే ఉంటుంది, ఒక్కో ఆటకి సగటున రెండు పిక్కలు కారిపోతుంటాయి.

అసలు కష్టం ఆ తొమ్మిది నిజంగా తొమ్మిదేనా అన్న దగ్గర ఉంది. ఎదుటివాడి చేతిలో రెండు రాజులున్నాయనుకోండి, బల్ల మీది రాజుతో కలిపి మూడు. ఆఠీను ఏడు పడితే మీకు ఫ్లష్, కానీ బల్ల మీద ఏడు జతై వాడికి ఫుల్‌హౌస్ (ఒక రకం మూడు, ఇంకో రకం రెండు) అవుతుంది, అది ఫ్లష్‌ని కొడుతుంది. ఆఠీను రెండు పడినా అంతే. మీకు మిగిలేవి 7, అంటే 15 శాతం. అదే వాడి దగ్గర ఒక్క రాజు జతే ఉండి, పక్క ముక్క ఆసు కాకపోతే, ఏ ఆసు పడినా మీదే పైచేయి: 9కి 3 కలిపి 12, అంటే 26 శాతం. అదే వంద పిక్కల ధరకి మొదటి సందర్భంలో ఒక్కో ఆటకి సగటున 24 నష్టం, రెండోదాంట్లో 30 లాభం. అందుకే మీ ముక్కలు లెక్కపెట్టే ముందు ఎదుటివాడు ఫ్లాప్ నుంచి ఎలా వేస్తున్నాడో చూడండి.

ఎక్కువమంది జారిపడేది 35 శాతం దగ్గర. ఫ్లాప్‌లో ఆ అంకె పట్టుకుని పిక్కలు వేస్తారు, టర్న్‌లో మళ్లీ వేయాల్సి వస్తుందని మరిచిపోతారు. రెండు ముక్కలకీ ఒకే ధర కట్టినప్పుడే, అంటే ఎవరో ఒకరు ఉన్నదంతా వేసేసినప్పుడే 35 చెల్లుతుంది. లేదంటే 19తోనే లెక్క.

బల్ల దగ్గర భాగహారాలకి టైముండదు కనుక పనికొచ్చే ముక్కల్ని ఒక ముక్కకైతే రెండుతో, రెండు ముక్కలకైతే నాలుగుతో హెచ్చించండి. ముక్కలు ఎక్కువైతే ఇది పొంగుతుంది: 15 ముక్కలకి 60 చూపిస్తుంది, నిజానికి 54.

ధర ఎక్కువైనా వేయదగ్గ సందర్భాలున్నాయి. 300 మీద వాడు 150 వేస్తే, 37 సార్లు పోయే 150ని 9 గెలుపులు భర్తీ చేయాలి, అంటే గెలుపుకి సుమారు 617 రావాలి. కుండలో 450 ఉన్నాయి. ఫ్లష్ పడ్డాక వాడి దగ్గర్నుంచి సగటున ఇంకో 167 రాలతాయా? బల్ల మీద మూడో ఆఠీను చూసి ముడుచుకునేవాడైతే రాలవు.

సంక్రాంతి పేకాటల్లో "ఇంతసేపు పడలేదు, ఈసారి పడి తీరుతుంది" అనే మాట వింటూంటాం. పేకకి నిన్నటి ఆట తెలియదు. ఇంటికెళ్లి మన ఉదాహరణలోని ఆరు ముక్కలూ (చేతివి రెండు, బల్ల మీదివి నాలుగు) పక్కన పెట్టి, మిగతా 46 బాగా కలిపి పైముక్క తిప్పండి. ఆఠీనో కాదో రాసుకుని, ముక్క వెనక్కి పెట్టి, మళ్లీ కలపండి. వందసార్లు. 20 దగ్గర్లో వస్తుంది. 13 వచ్చినా 27 వచ్చినా లెక్క తప్పినట్టు కాదు, వందసార్లకి అంత ఊగిసలాట మామూలే. 12 కన్నా తగ్గినా 28 దాటినా ముందు పేక సరిగ్గా కలుపుతున్నారో లేదో చూసుకోండి.