ఓపల్‌కీ నీళ్లకీ ఉన్న చుట్టరికం

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీది గాజు గ్లాసు నేను తాగడానికి పెట్టుకున్నది కాదు. పొరపాటున మీరెవరూ తాగకండి. అడుగున ఒక రాయి ఉంది. గంట కిందట వేసినప్పుడు పాలలా తెల్లగా ఉంది, అటూ ఇటూ తిప్పితే ఆకుపచ్చ, నారింజ మెరుపులు. ఇప్పుడెలా ఉందో చివర్లో చూద్దాం.

రంగురాళ్ల కొట్టుకు వచ్చేవాళ్లు ఓపల్ గురించి మొదట అడిగేది ఒకటే: “ఆస్ట్రేలియాది మంచిదా, ఇథియోపియాది మంచిదా?” నేను జవాబు చెప్పను. ఉంగరం పెట్టుకునే చెయ్యి రోజుకు ఎంతసేపు నీళ్లలో ఉంటుందని ఎదురు అడుగుతాను. వింతగా చూస్తారు. ఎందుకు అడుగుతానో చెప్పడానికే ఇవాళ వచ్చాను.

ఓపల్ అంటే ఇసుకలో ఉండే సిలికాయే, నీటిని తనలో పట్టుకుని గట్టిపడింది. వజ్రంలా, కెంపులా స్ఫటికం కాదు. బరువులో సాధారణంగా 3 నుంచి 10 శాతం నీరే. ఓపల్ అన్న పేరు మన ‘ఉపలం’ నుంచే గ్రీకు, లాటిన్ మీదుగా వెళ్లిందని చాలామంది భాషావేత్తల మాట. ఉపలం అంటే ఉత్త రాయి. వడగల్లును సంస్కృతంలో వర్షోపలం అంటారు. నాకు మాత్రం ఆ మాటే ఈ రత్నానికి బాగా నప్పుతుందనిపిస్తుంది.

మరి రంగులు ఎక్కడివి? 1964లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూస్తే, బండి మీద బత్తాయిలు పేర్చినట్టు లోపల సిలికా గోళీలు బారులు తీరి కనిపించాయి. ఒక మిల్లీమీటరులో మూడు వేల నుంచి ఆరు వేల దాకా పట్టేంత చిన్నవి. ఆ వరుసల సందుల్లో వెలుగు విరిగి రంగులవుతుంది. గోళీలు చిన్నవైతే నీలం, పెద్దవైతే ఎరుపు. అంత పెద్ద గోళీలు వరుస చెదరకుండా కుదరడం అరుదు. ఎర్రగా మెరిసే రాయి ధర ఎక్కువ పలికేది అందుకే. వరుస కుదరకపోతే రంగులాట ఉండదు, దాన్ని గనుల దగ్గర ‘పాచ్’ అంటారు. తవ్వితే ఎక్కువగా దొరికేది అదే.

ఒకప్పుడు ఐరోపాకు ఓపల్ ఇప్పటి స్లొవాకియాలోని దుబ్నిక్ గనుల నుంచి వెళ్లేది. 1922లో అవి మూతపడ్డాయి. అప్పటికే ఆస్ట్రేలియా రాయి బజారును పట్టేసింది. దక్షిణ ఆస్ట్రేలియాలోని కూబర్ పీడీ కథ వినండి. 1915 ఫిబ్రవరిలో బంగారం కోసం ఎడారిలోకి వెళ్లిన ఒక చిన్న బృందం, బంగారం దొరక్క, తాగే నీళ్లు వెతుక్కుంటోంది. వాళ్లతో వచ్చిన పద్నాలుగేళ్ల విల్లీ హచిసన్‌కు నేల మీద ఓపల్ ముక్కలు కనిపించాయి. ఇవాళ ఆ ఊళ్లో ఎండకు తాళలేక జనం నేల కింద తొలిచిన ఇళ్లలో ఉంటారు. పది కోట్ల సంవత్సరాల కిందట అదంతా సముద్రం. ఆ సముద్రం పేర్చిన రాతిపొరల్లోని సిలికాను తర్వాతెప్పుడో నీరు కరిగించి కిందికి దింపి, పగుళ్లలోనూ, జంతువుల ఎముకలు ఉండిన ఖాళీల్లోనూ నింపింది. అందుకే అక్కడ ఓపల్‌గా మారిన గవ్వలు, సముద్ర సరీసృపాల ఎముకలు దొరుకుతాయి. కొట్టులో రాళ్లు తూచే నాకు ఇది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

కూబర్ పీడీది తెల్ల ఓపల్. న్యూ సౌత్ వేల్స్‌లోని లైట్నింగ్ రిడ్జ్‌ది నల్లది. ఒకే రంగు దారం నల్ల చీర మీద ఒకలా, తెల్ల చీర మీద ఒకలా కనిపించినట్టే, నల్లటి ఒంటి మీద రంగులు మండిపోతాయి. ధర కూడా. క్వీన్స్‌లాండ్‌లో ఓపల్ ఇనుపరాతికి సన్నటి పొరలా అంటుకుని ఉంటుంది, విడదీయరు, రాతితో కలిపే సాన పడతారు. ఈ మూడూ మామూలుగా నీళ్లు తగిలితే ఏమీ కావు.

అగ్నిపర్వతాల దగ్గర పుట్టినవాటి తీరు వేరు. మెక్సికోలోని కెరెటారో ఫైర్ ఓపల్‌ను చూసి జనం పేరుకు మోసపోతారు. ‘ఫైర్’ అంటే మెరుపు కాదు, ఒంటి రంగు: నారింజ, ఎరుపు. ఇనుము వల్ల వచ్చింది. చాలావాటిలో రంగులాటే ఉండదు. అమెరికాలో నెవాడా రాష్ట్రపు వర్జిన్ వ్యాలీ నల్ల ఓపల్ అందంలో ఎవరికీ తీసిపోదు. 1917లో అక్కడ దొరికిన 2,585 క్యారెట్ల రాయి స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. కానీ ఆరితే బీటలు వారే రకం. సేకరించేవాళ్లు సీసాల్లో నీళ్లు పోసి దాచుకుంటారు. ఊరగాయలా దాచుకునే రత్నం ఉంగరానికేం పనికొస్తుంది?

ఇక ఇథియోపియా. 1994లో మెజెజోలో దొరికిన గోధుమరంగు రాళ్లు చాలా పగిలి, ఆ దేశపు సరుకు మొత్తానికి చెడ్డపేరు తెచ్చాయి. 2008లో వొల్లో ప్రాంతంలోని వెగెల్ తేనా దగ్గర దొరికినవి వేరే జాతి. పగుళ్ల బెడద తక్కువ, రంగులు అద్భుతం, ధర అందుబాటు. జైపూర్ సానవాళ్ల చేతుల మీదుగా మన ఊళ్లకు వస్తున్నాయి. ఒక్క గుణం మాత్రం మరిచిపోకూడదు: వీటిలో చాలావాటికి నీరు పీల్చే అలవాటు. బరువు కూడా పెరుగుతుంది, కాబట్టి తడిరాయిని తూకానికి కొనకండి. పొగబెట్టి నల్లగా చేసి అమ్మేవీ ఉన్నాయి. భూతద్దం కింద గుంటల్లో మసి పేరుకుని కనిపిస్తే అనుమానించండి.

నా తప్పొకటి చెప్తాను. శుక్రుడికి వజ్రం కొనలేని ఒకావిడ ఇథియోపియా ఓపల్ ఉంగరం చేయించుకున్నారు. శుక్రవారం పచ్చిపాలలో నానబెట్టి, పూజ చేసి పెట్టుకోమని జ్యోతిష్కుడు చెప్పాడట. రాత్రంతా నానబెట్టారు. తర్వాత ఆ చేత్తోనే పసుపు, పులుసు. మూడు నెలలకు తెచ్చి చూపించారు: టీ నీళ్ల రంగు. “అన్నయ్యా, రాయి దోషమా, నా జాతకమా?” అన్నారు. అమ్మేటప్పుడు ఒక్క మాట చెప్పని నా దోషం. రాయి మార్చి ఇచ్చాను. పాతది ఇంకా నా డ్రాయరులోనే ఉంది.

అతుకు ఓపల్‌ను కూడా నానబెట్టకూడదు. సన్నటి ఓపల్ పలకకు కింద నల్లరాయి అంటిస్తే డబ్లెట్, పైన గాజో స్ఫటికమో కూడా అతికిస్తే ట్రిప్లెట్. జిగురులోకి నీరు దిగితే మసకబారుతుంది. పక్క నుంచి చూస్తే అతుకు గీత తెలుస్తుంది. కానీ ఉంగరంలో చుట్టూ బంగారం కప్పేస్తే కనబడదు, విడిగా చూసి కొనండి.

సరే, గ్లాసు. ముందు వరుసలో వాళ్లు వంగి చూడండి... కనబడడం లేదా? అక్కడే ఉంది. తెలుపంతా పోయి గాజుముక్క అయింది. కంగారు పడకండి, మామూలు నీళ్లే కాబట్టి ఆరితే మళ్లీ వస్తుంది. కానీ ఎండలో పెట్టకూడదు, నీడలో మెల్లగా ఆరాలి, రోజులు పట్టొచ్చు. చూడాలనుకున్నవాళ్లు వచ్చే వారం కొట్టుకు రండి. డ్రాయరులోది కూడా పక్కనే పెట్టి చూపిస్తాను.