అర్థం ముందా, ఊహాచిత్రం ముందా: ఫాదర్ థామస్ వెర్నర్ మూర్ జీవితం

సభకు నమస్కారం.

1915లో ‘సైకలాజికల్ రివ్యూ’ అనే అమెరికన్ పత్రికలో ఒక ప్రయోగ వ్యాసం వెలువడింది. ఒక మాట కంటబడగానే మనసులో ముందుగా మెదిలేది దాని అర్థమా, లేక దానికి సంబంధించిన ఊహాచిత్రమా అన్నది అందులోని ప్రశ్న. అర్థం తట్టిన క్షణాన ఒకసారి, బొమ్మ మనసులో కదలాడిన క్షణాన మరొకసారి సంకేతం ఇమ్మని పాల్గొన్నవారిని కోరి, రెండింటికీ పట్టిన కాలాన్ని విడివిడిగా కొలిచారు. మొత్తం మీద అర్థమే ముందుగా వచ్చింది. ఆ వ్యాసం రాసిన ఫాదర్ థామస్ వెర్నర్ మూర్ ఒక కథోలిక గురువు.

ఆలోచన అంతా ఇంద్రియానుభూతుల, ఊహాచిత్రాల కూర్పేనని అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త టిచెనర్ బోధిస్తున్న రోజులవి. బుద్ధి వేరు, ఊహ వేరు అన్నది మూర్ చదువుకున్న, మధ్యయుగ కథోలిక తత్వవేత్త థామస్ అక్వైనాస్ సంప్రదాయంలో శతాబ్దాలుగా ఉన్న మాటే. అయినా ఆ సంప్రదాయాన్ని ప్రమాణంగా చూపి వాదన ముగించకుండా, ఎవరైనా తిరిగి చేసి సరిచూసుకోగల ప్రయోగాన్ని ఆయన ముందుకు తెచ్చారు. ఆయనపై నాకున్న గౌరవానికి మూలం ఇదే. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టోల్మన్ 1917లో ఇదే విషయంపై తన వ్యాసంతో చర్చను కొనసాగించారు. నమ్మకంగా మిగిలిపోతే ఆ ప్రశ్నకు అలాంటి పరీక్ష ఎదురయ్యేదే కాదు.

మూర్ 1877లో కెంటకీ రాష్ట్రంలోని లూయివిల్‌లో పుట్టారు. పాలిస్ట్ సభ అనే కథోలిక గురువుల సంఘంలో చేరి గురువయ్యాక, వాషింగ్టన్‌లోని కథోలిక్ యూనివర్సిటీ ఆఫ్ అమెరికాలో ఎడ్వర్డ్ పేస్ దగ్గర 1903లో డాక్టరేట్ పొందారు. పేస్ కూడా కథోలిక గురువే. జర్మనీలోని లైప్‌జిగ్‌లో, ప్రయోగాత్మక మనస్తత్వ శాస్త్రానికి ఆద్యుడైన విల్హెల్మ్ ఉంట్ దగ్గర చదివి వచ్చి ఆ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ ప్రయోగశాల నెలకొల్పినవారు. మూర్ సైతం లైప్‌జిగ్ వెళ్లి వచ్చారు.

అంతటితో ఆగి ఉంటే ఆయన మంచి ఆచార్యుడిగా మిగిలేవారు. కానీ మనసు చెదిరినవారికి సాయపడాలంటే శరీరమూ తెలియాలని వైద్యవిద్యకు పూనుకుని, మ్యూనిక్‌లో కొంతకాలం చదివి, 1915లో జాన్స్ హాప్కిన్స్ నుంచి వైద్య పట్టా అందుకున్నారు. మరుసటి ఏడాదే వాషింగ్టన్‌లోని ప్రావిడెన్స్ ఆసుపత్రిలో మానసిక చికిత్సాలయం ప్రారంభించారు. మానసిక ఎదుగుదల మందగించిన బాలికల కోసం 1926లో సెయింట్ గెర్ట్రూడ్ పాఠశాలను స్థాపించారు. 1933లో వెలువడిన తన అధ్యయనంలో, తీవ్ర మానసిక వ్యాధుల లక్షణాల్లో ఏవి వేటితో కలిసి కనిపిస్తాయో గణిత పద్ధతిలో వర్గీకరించి చూపారు. వ్యాధి పేర్లు వైద్యుడి అంచనా మీదే ఎక్కువగా ఆధారపడిన కాలంలో అది చిన్న సాహసం కాదు.

ఈలోగా ఆయన బెనెడిక్టైన్ సభ అనే కథోలిక సన్యాసుల సంఘంలో చేరి, 1924లో వాషింగ్టన్‌లో సెయింట్ ఆన్సెల్మ్ మఠ స్థాపనకు తోడ్పడ్డారు. తరగతి గది, రోగులు, మఠ ప్రార్థనా వేళలు అన్నీ ఒకే మనిషి దినచర్యలో ఎలా ఇమిడాయన్నది నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

1939లో ‘కాగ్నిటివ్ సైకాలజీ’ (జ్ఞానాత్మక మనస్తత్వశాస్త్రం) పేరుతో ఆయన గ్రంథం వచ్చింది. బయటికి కనిపించే ప్రవర్తననే అధ్యయనం చేయాలనే ప్రవర్తనవాదం రాజ్యమేలుతున్న అమెరికాలో, మనిషి ఎలా తెలుసుకుంటాడు, ఎలా అర్థం చేసుకుంటాడు అన్న ప్రశ్నలనే శాస్త్రానికి కేంద్రంగా నిలిపిన పుస్తకం అది. 1967లో ఉల్రిక్ నైసర్ అదే పేరుతో రాసిన గ్రంథమే ఆ రంగానికి నాందిగా ప్రసిద్ధి పొందింది. మూర్ గ్రంథానికి పాఠకులు ఇంకా దొరకాలి.

ఆ ప్రసిద్ధి గురించి ఆయన బెంగపడే స్థితిలో అప్పటికి లేరు. 1947లో, దాదాపు 70 ఏళ్ల వయసులో, ఆచార్య పదవి విడిచి, స్పెయిన్‌లోని బుర్గోస్ దగ్గర ఉన్న మిరాఫ్లోరెస్ మఠంలో కార్తూసియన్ సభలో చేరారు. ఏకాంతమూ మౌనమూ ఆ సభ నియమాలు. ఆ సభను అమెరికాలో నెలకొల్పడానికి 1950లో వెర్మాంట్ వచ్చి పదేళ్లు పనిచేసి, తిరిగి స్పెయిన్ వెళ్లి, 1969లో అక్కడే కన్నుమూశారు.